ఇరవై రెండో గడి

మిషను కాంపౌండులో చెప్పులక్కని ఎరగనివాళ్ళు లేరు. ఆవిడ మాత్రం సగం మందిని మొహం చూసి గుర్తుపట్టలేదు. కాళ్ళు చూస్తే చాలు, ఎవరో, ఎవరి కోడలో, ఏ సందులో ఉంటారో చెప్పేస్తుంది. తల దించుకుని తిరగడం చిన్నప్పటి అలవాటు. ఆరో తరగతిలో బడి మానిపించి తమ్ముళ్ళని ఎత్తుకోమన్నప్పుడు వంగిన మెడ, పెళ్ళయ్యాక కూడా లేవలేదు.

ఆవిడ భర్త దర్జీ. నోరు మూతపడని మనిషి.

"ఏమే, రేపు నేను చెప్పుల్లేకుండా వస్తే ఇంట్లోకి రానిస్తావా, ఎవడో పరాయివాడని తలుపేస్తావా?" అని రోజుకోసారి ఏడిపించేవాడు.

"మీ మడమల పగుళ్ళు చూస్తే తెలీదూ!" అనేది ఆవిడ, కుండబద్దలు కొట్టినట్టు.

మందిరంలో నేల ఎర్రగా, అద్దంలా ఉంటుంది. పాత పాస్టరుగారి కాలంలో సంఘంలోని ఆడవాళ్ళంతా మూడు నెలల పాటు మోకాళ్ళ మీద కూర్చుని, రుద్ది రుద్ది ఆ నునుపు తెచ్చారట. అప్పట్నుంచీ ఒకటే కట్టడి. చెప్పులతో ఎవరూ గడప దాటకూడదు. వసారాలో గోడ పొడుగునా చెక్కతో చేసిన చెప్పుల అర ఉంది. దానికి అరవై గడులు, ప్రతి గడి మీదా తెల్లరంగుతో అంకె. ఎవరి గడి వాళ్ళది. తెలియనివాళ్ళు ఇంకొకరి గడిలో పెడితే, చెప్పులక్క కిమ్మనకుండా తీసి వేరేచోట సర్దేది. మందిరం ఊడవడం, ఆ ఎర్ర నేల తుడవడం, చెప్పులు కాయడం, పంతొమ్మిదేళ్ళుగా ఇదే ఆవిడ ఉద్యోగం. ఇంకొక పని కూడా ఉంది. పాస్టరుగారికి చక్కెర జబ్బు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది పడాలి. పాస్టరమ్మగారికి చేతులు వణుకుతాయి. అందుకని ఆ సూది వేసేది కూడా చెప్పులక్కే.

ఒకటో గడి పాస్టరుగారిది. ఇరవై రెండోది కరెంటు తమ్ముడిది. వాడు ఆ కాంపౌండు బడిలోనే చదివి, మందిరం మైకు విప్పీ బిగించీ పని నేర్చుకుని, ఊరందరికీ కరెంటు మేస్త్రీ అయ్యాడు. అందరూ చెప్పుల ముక్కులు గోడవైపు పెడితే వాడొక్కడూ బయటికి పెట్టేవాడు. ఎందుకురా అలా అని చిన్నప్పుడోసారి పాస్టరుగారు అడిగారు.

"ఆమెన్ అనగానే పరిగెత్తడానికండీ!"

వసారా అంతా ఒకటే నవ్వు. వాడు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, బిడ్డకి తండ్రయినా ఆ అలవాటు పోలేదు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం తాగొచ్చి మైకు దగ్గర తూలాడు. పాస్టరుగారు అందరి ముందూ గట్టిగా తిట్టారు. ఆ రోజు వెళ్ళినవాడు మళ్ళీ మెట్టెక్కలేదు. అడిగినవాళ్ళున్నా ఇరవై రెండో గడిని చెప్పులక్క ఎవరికీ ఇవ్వలేదు.

ఆ ఏడాది వానలకి ముందు ఊరు రెండుగా చీలింది. ఎవరు ముందు చెయ్యెత్తారో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. కాలవకి ఇవతలివాళ్ళు, అవతలివాళ్ళు అయిపోయారు. కొట్లు తగలబడ్డాయి, ఇళ్ళు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు. అవతలి ఒడ్డు మనుషులని ఇవతలి వీధుల్లోంచి తరుముతుంటే, ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన పదకొండు కుటుంబాల్ని పాస్టరుగారు బడి గదుల్లో ఉంచారు. అంతే, మిషనువాళ్ళు కత్తులు దాచారని పుకారు లేచింది. పాస్టరుగారు తనే వెళ్ళి ఇవతలి పెద్దమనుషులతో చెప్పారు.

"వచ్చి వెతుక్కోండి. బియ్యం బస్తాలు తప్ప ఏమీ లేవు. కూరలు తరిగే కత్తి ఒకటుంది, దానికీ పదును లేదు."

వాళ్ళు నవ్వలేదు.

ఆదివారం ఉదయం కర్ఫ్యూ సడలించిన వేళ, పదింటికి, రెండో పాట మధ్యలో, గేటు విరిగిన చప్పుడైంది. వసారాలో ఉన్న చెప్పులక్కకి పరిగెత్తాలని కూడా తోచలేదు. చాపలు దాచే చోట, అర కిందికి దూరిపోయింది. అక్కణ్ణుంచి ఆవిడకి కనపడినవి కాళ్ళే. బూట్లు, రబ్బరు చెప్పులు, లేసు ఊడిన గుడ్డ జోళ్ళు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గడప మీద చెప్పుకాళ్ళు. లోపల అరుపులు. కిటికీ అద్దాలు పగిలాయి. జనం, బడి గదుల్లో తలదాచుకున్నవాళ్ళు కూడా, వెనకవైపు నుంచి పారిపోతున్న అలికిడి.

అప్పుడు ఒక జత కాళ్ళు గడప దగ్గర ఆగాయి. ఒక కాలితో ఇంకో కాలి చెప్పు తొక్కి విడిచాయి. ఒక చెయ్యి కిందికొచ్చి ఆ చెప్పులు తీసుకుంది. రెండో చేతిలో ఇనప కడ్డీ ఉంది. ఆవిడ తల పైన చెక్క టక్కుమంది. ఆ వట్టి కాళ్ళు లోపలికి వెళ్ళాయి.

కాసేపటికి బూట్ల మధ్య పాస్టరుగారి పాదాలు బయటికొచ్చాయి. ఆయన కుడి బొటనవేలి గోరు నలుపు, అందుకే ఆవిడకి తెలిసింది. గాజు పెంకుల మీంచి ఈడ్చుకుపోతున్నారు. చక్కెర జబ్బుతో ఆ పాదాలకి స్పర్శ పోయి చాలా ఏళ్ళయింది. గుచ్చుకున్నా ఆయనకి తెలిసుండదు. వసారాలో కుడి పాదం పడ్డచోటల్లా ఎర్రటి ముద్ర. వాళ్ళ వెనకే ఇందాకటి వట్టి కాళ్ళు కూడా పరిగెత్తాయి.

అంతా సద్దుమణిగాక బయటికొచ్చి ఆవిడ అర వైపు చూసింది. నలభై మూడు జతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇరవై రెండో గడిలో ఇంకొక జత. ఆవిడ ఎప్పుడూ చూడని చెప్పులు. ఎడమదాని బయటి అంచు వాడి పాత చెప్పులకి లాగే అరిగి ఉంది. ముక్కులు బయటికి.

ఇల్లు కూల్చడానికి వస్తూ కాళ్ళు కడుక్కుని వచ్చినవాణ్ణి ఎవరైనా చూశారా? ఆవిడ చూసింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి అందరినీ అడిగాడు. మొహాలకి గుడ్డలు కట్టుకున్నారు, ఎవరూ ఎవర్నీ ఆనవాలు పట్టలేదు.

"నువ్వేం చూశావమ్మా?"

"కాళ్ళు సార్."

"కాళ్ళని అరెస్టు చెయ్యమంటావా?" అని విసుక్కుని జీపెక్కాడు.

ఆవిడకి ఇంకొక్క మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఎన్నడూ నోరు మూయని దర్జీ లేచి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"బయట అనకే," అన్నాడు. "తెలిస్తే అవతలివాళ్ళు వాడి పెళ్ళాన్నీ బిడ్డనీ ఇంట్లో ఉండగానే తగలేస్తారు."

"అనకపోతే అయ్యగారు పోతారండీ. ఇవాళ సాయంత్రం సూది పడలేదు. రేపు పొద్దున కూడా పడకపోతే..."

"అయితే నువ్వేం చేస్తావు?"

"చెప్పులు పంచుతాను."

సోమవారం పదింటి నుంచి పన్నెండింటి వరకు కర్ఫ్యూ సడలించారు. చెప్పులక్క దర్జీ కుట్టిచ్చిన పెద్ద సంచిలో జతలన్నీ సర్దింది. ఒకటో గడిలోవి మాత్రం తీయలేదు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పట్టీలు సరిచేసి మళ్ళీ అక్కడే పెట్టింది. 'వస్తారుగా, వచ్చి వేసుకుంటారు' అనుకుంది. తరవాత మందుల గదిలోంచి ఇన్సులిన్ సీసా, సూదులు, మంచు ముక్కలు ఫ్లాస్కులో పెట్టుకుంది.

దోవలో నాలుగిళ్ళలో చెప్పులిచ్చి అయిదో ఇంటి తలుపు తట్టింది. కరెంటు తమ్ముడి భార్య చంకలో పిల్లతో వచ్చింది.

"నువ్వా వదినా! ఇంత గొడవల్లో బయటికొచ్చావేంటి?"

"నిన్న అందరూ వదిలేసి పోయారుగా అమ్మాయ్. ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తున్నా."

"మావాళ్ళెవరూ రాలేదుగా. ఆయన నిన్నంతా పక్కవీధిలో మోటారు బాగుచేస్తూనే ఉన్నారు."

చెప్పులక్క సంచిలోంచి ఆ జత తీసి గడప ముందు పెట్టింది. ముక్కులు వీధివైపు.

ఆ అమ్మాయి వంగి చూసింది. "ఇవి ఆయనవే. తెగిపోతే పారేశానన్నారే! వట్టి కాళ్ళతో వచ్చారు నిన్న..."

"తెగలేదమ్మా."

ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ అమ్మాయి బిడ్డనెత్తుకునే గోడకి జారి కూర్చుండిపోయింది. లోపల్నుంచి వాడొచ్చాడు. చెప్పులు చూశాడు, అక్కని చూశాడు.

"నన్ను చూశావా అక్కా?"

"కాళ్ళు చూశాను."

"ఎవరికి చెప్పావు?"

"మీ బావకి. ఇంకెవరికీ చెప్పలేదు."

"కత్తులు వెతకడానికే వచ్చాం. ఒట్టు. అయ్యగారిని తీసుకెళ్తారని నాకు తెలీదు."

"మరి కడ్డీ దేనికి తెచ్చావు?"

వాడు అరచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

"చెప్పులెందుకు విడిచావురా?"

వాడు వాటికేసి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "విడిచానా? నాకు తెలీలేదక్కా. కాళ్ళు వాటంతటవే..."

ఆవిడ ఫ్లాస్కు మూత తీసింది. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇదిగో, ఈ గీత దాకా లాగాలి. గాలి బుడగ ఉండకూడదు. తొడ మీద చర్మం ఇలా పట్టుకుని నిటారుగా గుచ్చు."

"నా వల్ల కాదు. వాళ్ళు చూస్తే నన్నూ..."

"వెంట్రుకంత తీగలు కలుపుతావు, సూది పట్టుకోలేవా?"

గోడవారన కూర్చున్న భార్య తలెత్తకుండా అంది. "వెళ్ళండి. మీరు వెళ్ళకపోతే పిల్లనెత్తుకుని నేనే వెళ్తాను. ఎక్కడో చెప్పండి."

వాడు ఫ్లాస్కు తీసుకుని చొక్కా కింద పెట్టుకున్నాడు. గడప ముందున్న చెప్పుల్ని దాటుకుని వట్టి కాళ్ళతోనే వెళ్ళిపోయాడు.

మంగళవారం సడలింపు వేళకి ఫ్లాస్కు ఇరవై రెండో గడిలో ఉంది. చెప్పులక్క మూత తీసింది. రెండు సూదులూ వాడినవే. మళ్ళీ నింపి అదే గడిలో పెట్టింది. గంటలో మాయమైంది. బుధవారం అంతే, గురువారం అంతే. పాస్టరమ్మగారికి ఒక్కటే చెప్పింది, "సూదులు పడుతున్నాయమ్మగారూ, ఎలాగని అడక్కండి" అని. ఆవిడ అడగలేదు.

శుక్రవారం ఉదయం పెద్దాసుపత్రి గేటు ముందు ఎవరో ఒక తోపుడుబండి వదిలి వెళ్ళారు. పైన టార్పాలిన్ కప్పి ఉంది, కింద పాస్టరుగారు ఉన్నారు. బండి పిడి విరిగితే కరెంటు తీగలకి చుట్టే నల్ల టేపుతో కట్టి ఉంది. ఆ టేపు సంగతి చెప్పులక్క తప్ప ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చాడు. పాస్టరమ్మగారు లేచి నిలబడ్డారు. చెప్పులక్క ఆవిడ వెనకే నిలబడింది.

"ప్రాణానికి భయం లేదు. సూదులు వేళకి పడబట్టి బతికారు. కుడి పాదం మాత్రం తీసెయ్యాల్సి వచ్చిందమ్మా. మొదటిరోజే గాజు దిగింది. ఆ పుండుతో నాలుగు రోజులూ చోటు మార్చి చోటు రాళ్ళలో, బురదలో నడిపించారట. కాళ్ళకి చెప్పులుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

పాస్టరమ్మగారు ఏడుస్తూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. చెప్పులక్కకి ఏడుపు రాలేదు. ఒకటో గడి కళ్ళముందు నిలబడింది. తుడిచి, పట్టీలు సరిచేసి, ముచ్చటగా పెట్టిన చెప్పులు. నాలుగు రోజులూ ఆ గడి ముందు నిలబడే ఫ్లాస్కు నింపింది. ఊరందరి చెప్పులూ సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. కాళ్ళు తప్ప మొహం ఎరగని మనిషికి, చెప్పుల్లేకుండా వెళ్ళిన ఒక్క మనిషికి చెప్పులు పంపాలని తోచలేదు!

రెండోరోజు లోపలికి వెళ్ళనిచ్చారు. పాస్టరుగారు దుప్పటి కిందనుంచి నీరసంగా నవ్వారు. "రా చెప్పులక్కా. నీకు సగం పని తగ్గించాను చూడు."

దర్జీ నవ్వబోయి భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ రెప్ప వెయ్యకుండా, దుప్పటి ఎత్తు లేని చోటుకేసి చూస్తోంది.

"మిమ్మల్ని ఎవరు తీసుకెళ్ళారండీ?" అని ఇన్‌స్పెక్టరు అడిగితే, "కళ్ళకి గంతలు కట్టారు, ఎవర్నీ చూడలేదు" అన్నారాయన. అతను వెళ్ళాక చెప్పులక్కతో మెల్లిగా అన్నారు, "సూది వేసేవాడికి మొదటిరోజు చెయ్యి వణికింది. తరవాత బాగా కుదిరింది. మంచి పనివాడు."

మూడో ఆదివారం మళ్ళీ ఆరాధన పెట్టారు. పాస్టరుగారు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. పాస్టరమ్మగారే వాక్యం చదివారు. పద్దెనిమిది మందే వచ్చారు. చెప్పులక్క వసారాలో కూర్చుంది. ఇదివరకు కాళ్ళు మెట్టెక్కుతుంటే మనిషి వస్తున్నట్టుండేది. ఇప్పుడు ప్రతి జతకీ ఉలిక్కిపడుతోంది. ఆ రోజు గడప తొక్కిన బూట్లు విడిచేసి, ఇవాళ ఇంకో జోళ్ళతో వస్తే ఎలా తెలుస్తుంది?

పాట మొదలయ్యాక రెండు కాళ్ళు మెట్టు కింద ఆగాయి. వట్టి కాళ్ళు. ఆవిడ తలెత్తింది. గడ్డం మాసి, చిక్కి సగమైన కరెంటు తమ్ముడు.

"లోపలికి రావచ్చా అక్కా?"

పంతొమ్మిదేళ్ళలో ఆవిడని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆవిడ మళ్ళీ వాడి పాదాలకేసి చూసింది.

"చెప్పులేవిరా?" అంది.

"ఆ రోజు నుంచీ వేసుకోవడం లేదక్కా. వేసుకోబుద్ధి కావడం లేదు."

జన్మలో గొంతెత్తని మనిషి, లోపల పాట ఆగిపోయేంత గట్టిగా అరిచింది.

"వేసుకోబుద్ధి కాకపోవడమేంట్రా! ఈ ఇసకలో గాజు పెంకులు ఇంకా ఏరలేదు, కనపడ్డం లేదూ? ముందు ఇంటికెళ్ళి చెప్పులేసుకుని రా. నిన్ను లోపలికి రానివ్వాలో వద్దో తరవాత చూద్దాం. ఫో!"

వాడు వెనక్కి తిరిగాడు. మెట్టు నుంచి గేటు దాకా వాడు ఎక్కడెక్కడ అడుగేస్తున్నాడో చూస్తూ, ఆవిడ అక్కడే నిలబడిపోయింది.