ఎడమ పన్ను, కుడి బొమ్మ

యానాంలో ఉమామహేశ్వరం సన్నాయి లేకుండా పెళ్లి జరిగితే, దాన్ని పెళ్లని ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనిషి బంగారం. అనుమానమొక్కటే రోగం. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడ్డం అందరూ చేసేదే. ఈయన చేప అమ్మేవాళ్ల మొహం కూడా అలాగే చూస్తాడు. 'నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి' అనేది ఆయన ఊతపదం. ఇంట్లో నానబోసేది సుబ్బలక్ష్మి, అనుమానించేది ఈయన. ముప్ఫయ్యేళ్లుగా కాపురం అలాగే నడుస్తోంది.

అలాంటివాడికి కింది దవడలో ఎడమవైపు పన్ను ఊడింది. మరొకడైతే ఆ పక్కన నమలడం మానేసి ఊరుకునేవాడు. సన్నాయి ఊదేవాడికి నోరే కదా ఆస్తి! సందులోంచి గాలి జారి, పైస్థాయి అందుకున్నప్పుడల్లా స్వరం వణకడం మొదలుపెట్టింది. చూడబోతే మాఘమాసం ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి.

పళ్ల డాక్టరు ప్రియాంక దగ్గరికి వెళ్లాడు. దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను కూర్చోబెట్టొచ్చు గానీ, ముందు కాకినాడ వెళ్లి దవడకి త్రీడీ స్కాన్ తీయించుకు రమ్మంది. అంతే, రోగం తిరగబెట్టింది. వేలు పెడితే తెలిసే ఖాళీకి స్కాన్ ఎందుకు? ఈ అమ్మాయికీ ఆ స్కాన్ వాళ్లకీ ఏదో లాలూచీ ఉండే ఉంటుందనుకున్నాడు. అయినా వెళ్లాడు. గడ్డం ఆనించి కదలొద్దన్నారు. మిషను తల చుట్టూ తిరిగింది. నాకు ప్రదక్షిణం చెయ్యడానికి నేనేమన్నా దేవుణ్ణా అని లోపల్లోపలే గొణుక్కున్నాడు.

ప్రియాంక ఆ స్కాన్ బొమ్మని కంప్యూటర్లో తెరిచి, దవడ లోపల సన్నటి దారిలాంటిది చూపించింది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం అందులోంచే వెళ్తుందట. చాలామందికి అది కిందుగా ఉంటే ఈయనకి బాగా పైకి వచ్చేసిందట.

"స్క్రూ దిగితే నరానికి తగులుద్దండి. పెదవికి స్పర్శ పోవచ్చు. పక్కపళ్ల ఆసరాతో బ్రిడ్జి కట్టుకుందామండి, స్క్రూ మాత్రం వద్దు" అంది.

ఆయన విన్నదెక్కడ? కళ్లు బొమ్మ మీదే ఉన్నాయి. ఊడింది ఎడమ పన్ను. బొమ్మలో ఖాళీ కుడిపక్కనుంది! దొరికారనుకున్నాడు. ఎదుటి మనిషిని చూస్తున్నట్టే బొమ్మలోనూ కుడిఎడమలు మారతాయని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మాటలకేం, కోటలు దాటతాయి.

ఎవడి దవడో చూపించి నాకు స్క్రూ వద్దంటోందని ఇంటికొచ్చి ఎగిరాడు. సుబ్బలక్ష్మి ఆయనకి ఎదురుగా నిలబడి ఎడమ చెయ్యి ఎత్తింది, ఇది మీకు ఎటుపక్కనుందో చూడమంది. చూశాడు. నువ్వూ ఆవిడ పక్షమేనా అన్నాడు.

మర్నాడు అడవిపొలం దారిలో కిరణ్ అనే మరో పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాడు. ఈయన తెచ్చిన బొమ్మని ఆ డాక్టరు కవర్లోంచి కూడా తియ్యలేదు. ఇవన్నీ డబ్బు గుంజే పనులని నవ్వాడు. ఉమామహేశ్వరం గుండె చల్లబడింది. ఇన్నాళ్లకి తనలాగే ఆలోచించేవాడు దొరికాడు మరి!

స్క్రూ బిగించడానికి కిరణ్ మత్తు సూది వేశాడు. కాసేపటికి కింది పెదవి ఎడమ సగం మాయమైంది. తడిమి చూసుకున్నాడు. వేలికి పెదవి తగులుతోంది, పెదవికి వేలు తగలడం లేదు. ఉమ్మి కారితే తెలియలేదు. డాక్టరు ఎముక తొలిచే మిషను అందుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నరం తగిలితే ఇలాగే ఉండిపోద్దా బాబూ?"

"తగిల్తే అంతేనండి. కొన్నాళ్లకి అదే అలవాటైపోద్ది."

ఉమామహేశ్వరం కుర్చీ దిగాడు. చెప్పులేసుకున్నాడు. వెనకనుంచి పిలుస్తున్నా తిరిగి చూడకుండా ఆటో ఎక్కాడు.

ఇంటికొస్తూనే సన్నాయి తీసి, ఊదే పీకని పెదవుల మధ్య పెట్టుకున్నాడు. పట్టు దొరకలేదు. గాలి ఎడమపక్క నుంచి బుస్సుమని పోయింది. మళ్లీ ఊదాడు. ఉమ్మి కారి చొక్కా తడిసింది గానీ స్వరం రాలేదు. సూది మత్తు దిగిపోతుందని తెలుసు. తెలిసీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుబ్బలక్ష్మి కొంగుతో ఆయన గడ్డం తుడుస్తూ పక్కనే కూర్చుంది.

పొద్దు వాలుతుంటే పెదవిలో చీమలు పాకినట్టయింది. తర్వాత సన్నగా నొప్పి తెలిసింది. నొప్పి తెలిసినందుకు అంత సంతోషించిన మనిషిని సుబ్బలక్ష్మి ఎన్నడూ చూడలేదు. ఊదాడు. స్వరం పలికింది. పైస్థాయిలో ఎప్పటిలాగే వణికింది, ఆయన పట్టించుకోలేదు.

"రేపు ప్రియాంకమ్మ దగ్గరికెళ్లి బ్రిడ్జి కట్టించుకుంటానే" అన్నాడు.

ఆ బొమ్మ మీ దవడదేనని ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా అని అడిగిందావిడ.

ఉమామహేశ్వరం పెదవిని వేలితో నొక్కి చూసుకున్నాడు.

"బొమ్మ ఎవడిదో నాకింకా అనుమానమేనే. నరం మాత్రం నాదే."