ఎండలో వైపరు

గంగులు కారు మలుపు తిరగబోతోందని అరసవల్లి జనానికి ముందే తెలిసిపోతుంది. ఇండికేటరు వెలిగి కాదు, వైపరు ఆడి. మండుటెండలో, ఆకాశంలో పిసరంత మబ్బు లేనప్పుడు, అద్దం మీద వైపర్లు టపటపా కొట్టుకుంటూ కారొస్తే ఆటోవాళ్ళు పక్కకు జరిగిపోతారు. "గంగులు తిరుగుతన్నాడ్రా, తప్పుకోండి!" ఏ వైపు తిరుగుతాడన్నది మాత్రం తిరిగాకే తెలుస్తుంది.

గంగులుది కళింగపట్నం. ఒమన్ వెళ్ళి కొన్నాళ్ళు పడవ మీద వలలు లాగాడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు చేపల బండి తోలాడు. అక్కడ స్టీరింగు ఎడమవైపు, బండి నడిచేది రోడ్డుకు కుడివైపు, ఇండికేటరు ఎడమచేతి కింద. ఇక్కడ అన్నీ తారుమారు. తిరిగొచ్చి అరసవల్లిలో అద్దెకు దిగి, ఓ పాత కారు కొని, అరబ్బీ రాతల లైసెన్సు పట్టుకుని రవాణా ఆఫీసుకు వెళ్ళాడు.

"ఇది మీరు తీసేసుకుని, ఇక్కడిది ఇచ్చేయండి బాబూ."

"అలా మార్చి ఇచ్చేది కాదయ్యా. ఎల్.ఎల్.ఆర్. తీసుకో, నేర్చుకో, పరీక్షకు రా."

"నేర్సుకోడమేటి బాబూ! ఇసక తుపానులో తోలినోణ్ణి!"

"ఇక్కడ ఇసక తుపాన్లుండవు, గేదెలుంటాయి" అన్నాడు గుమాస్తా.

దాంతో అంతటి డ్రైవరూ కారుకు ముందొకటి, వెనకొకటి ఎర్రటి ఎల్ బోర్డులు అంటించుకున్నాడు. పక్కన లైసెన్సున్న మనిషి కూర్చుంటే తప్ప బండి తీయకూడదన్నారు. ఆ సాయంత్రమే పక్కింటి గోవిందరావు తలుపు తట్టాడు.

గోవిందరావు శ్రీకాకుళం బజారులో కిరాణా కొట్టు నడిపినవాడు. కొట్టున్నన్నాళ్ళూ రోజుకు వందమంది పిలిచేవారు. భార్య పోయాక కొట్టు అమ్మేశాడు. పిల్లల్లేరు. ఇక ఆ ఇంట్లో నోరున్నది కుక్కరు ఒక్కటే. ఒక్కడి కోసం వండుకోవడం ఏమిటని అదీ మానేశాక ఆ కూత కూడా లేదు. సాయంత్రమైతే వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవరూ రారని తెలిసి కూడా చూసేవాడు.

"సావుకారూ, మీకు కారు లైసెన్సు ఉన్నాది కదా?"

"ఉందిరా. కారే లేదు."

"నాకు కారున్నాది, లైసెన్సు లేదు. మీరు పక్కన కూకుంటే సరిపోతాది."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం కళింగపట్నం వెళ్ళి, గంగులు భార్య గున్నమ్మ బజారులో అమ్మే ఎండుచేపలు కారులో వేసుకొచ్చేవారు. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని గోవిందరావు మొదట్లో ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. రానురాను ఆ తువ్వాలు ఇంట్లోనే మరిచిపోసాగాడు.

గంగులు కారెక్కడం కూడా ఓ వేడుకే. పాత అలవాటు కొద్దీ ఎడమవైపు తలుపు తీసి, అప్పటికే లోపలున్న గోవిందరావు ఒళ్ళో కూర్చోబోయేవాడు.

"నా మీదెక్కి తోలతావేటిరా! అటు పో!"

మలుపు వచ్చిందా, వైపరు.

"వైపరు కాదురా వెధవా, ఇండికేటరు! కుడిచెయ్యి!"

"మర్సిపోనాను సావుకారూ."

పరీక్షకు వెళ్ళినవాడు వెళ్ళినట్టే వచ్చేవాడు. "వైపరేసినావా?" అని గోవిందరావు అడిగేవాడు. "ఏసినాను" అనేవాడు గంగులు తల దించుకుని. "నీకు బతుకులో లైసెన్సు రాదురా!" అని గోవిందరావు సంతోషంగా తిట్టేవాడు. దారిలో పోలీసులు ఆపితే కొట్టునాటి దర్జాతో జేబులోంచి తన కార్డు తీసి చూపించేవాడు. ఇంటికొచ్చేసరికి అరిచి అరిచి గొంతు బొంగురుపోయేది, కడుపులో ఆకలి దంచేసేది. ఆ ఇంట్లో మళ్ళీ కుక్కరు కూయసాగింది.

ఇంతలో గోవిందరావు లైసెన్సు గడువే అయిపోయింది. కంట్లో శుక్లం ఉంది, ఆపరేషను కానిదే రెన్యువలు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు డాక్టరు. కంటి మీద కత్తి అంటే గోవిందరావుకు హడలు. గంగులుకు చెబుదామనుకున్నాడు. చెబితే ఇంకో లైసెన్సువాణ్ణి వెతుక్కుంటాడు. అప్పుడు సాయంత్రం తన తలుపు తట్టేదెవరు? నోరు మూసుకుని, చెల్లని కార్డు జేబులో పెట్టుకుని, రోజూ దొంగలా కారెక్కాడు.

ఒక సాయంత్రం కళింగపట్నం వెళ్తూ గార ఊరు దాటాక పోలీసులు ఆపారు. కానిస్టేబులు ఎల్ బోర్డు చూసి గోవిందరావు వైపు వంగాడు.

"పెద్దాయనా, మీ లైసెన్సు?"

గోవిందరావు చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. వీడి కారు పట్టుకుపోతారు. దీని మీదే గున్నమ్మ వ్యాపారం.

"తప్పు నాది బాబూ" అన్నాడు. "నా లైసెన్సు గడువు అయిపోయింది. వీడికి తెలీదు. ఏం రాసినా నా మీద రాయండి, వీడి బండి మాత్రం వదిలేయండి."

గంగులు ఓ నిట్టూర్పు విడిచి, తలపైన ఎండ తెర వెనక నుంచి కొత్త కార్డొకటి తీశాడు. "ఆయన్ని ఒగ్గేయండి సార్. నాకున్నాది."

కానిస్టేబులు అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాసై ఇన్నాళ్ళయిందే! మరి ఈ బోర్డులెందుకయ్యా?"

"అలవాటైపోనాది సార్" అన్నాడు గంగులు బుర్ర గోక్కుంటూ.

కారు కదిలింది. ముందు మలుపు దగ్గర ఇండికేటరు టిక్కు టిక్కుమంటూ చక్కగా వెలిగింది.

"ఇండికేటరు పడిందేటిరా?"

"సెయ్యి జారిపోనాది సావుకారూ."

"ఎప్పుడు పాసయ్యావు?"

"మీది గడువు అయిపోనాక. ముందెప్పుడో మీరు పోలీసోళ్ళకి కార్డు సూపించినప్పుడు తేదీ సూసినాను. ఇద్దరికీ నేకపోతే బండెలాగ తీస్తాం? అందుకే ఆ ఒక్కపాలి సరిగ్గా తోలినాను."

"ఆ ఒక్కసారే? అంటే అంతకు ముందంతా..."

గంగులు రోడ్డు వైపే చూస్తున్నాడు.

"పాసయ్యానని చెప్పొచ్చు కదరా!"

"సెప్తే మీరొస్తారేటి?"

గోవిందరావు జేబులోంచి చెల్లని కార్డు తీసి చూసుకున్నాడు. తనెక్కడ అక్కర్లేకుండా పోతానోనని తను దాచాడు. ఆ భయం వీడు ముందే కనిపెట్టి, తనకంటే గట్టిగా దాచాడు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. తువ్వాలు కోసం తడుముకుంటే లేదు. చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇయాల ఎండుచేపల ఘాటు ఎక్కువగా ఉందిరా."

"అవును సావుకారూ" అన్నాడు గంగులు. వెనక సీటు ఖాళీగా ఉంది. చేపలు ఇంకా ఎక్కించలేదు.

సరుకు వేసుకుని వెనక్కి వచ్చేసరికి అరసవల్లి మలుపు దగ్గరైంది. గోవిందరావు గొంతు సవరించుకుని, సీట్లో నిటారుగా కూర్చున్నాడు.

"ఒరే గంగులూ, మలుపొస్తోంది."

"సూసినాను" అంటూ గంగులు కుడిచెయ్యి కదిపాడు. గోవిందరావు ఉరిమి చూశాడు. గంగులు నవ్వుకుని ఎడమచేత్తో మీట నొక్కాడు.

చుక్క వాన లేని ఆకాశం కింద వైపర్లు టపటపా లేచాయి.

"వైపరు కాదురా వెధవా, ఇండికేటరు!" గోవిందరావు కేక వీధి చివరిదాకా వినిపించింది. ఆటోవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.