బిలియన్ అంటే లక్ష కోట్లు

"నీ నోట్లో నువ్వుగింజ నానదే" అని మా అమ్మ ఎప్పుడూ విసుక్కునేది. ఆ మాట ఎంత నిజమో అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు బాగా తెలిసొచ్చింది.

అది రెండు వేల ఏడు. మన కంపెనీలు విదేశాల్లో కంపెనీలు కొనేస్తున్నాయని పేపర్ల నిండా వార్తలు. మా చిన్న కన్సల్టింగ్ ఆఫీసుకి ఒక క్లయింట్ నుంచి ప్రశ్న వచ్చింది. అన్ని దేశాలూ కలిసి సరిహద్దులు దాటించి పెడుతున్న పెట్టుబడిలో ఇండియా వాటా ఎంత? ఇండియా అంకెలు తీసే పని నాది. బిలియన్లలో ఉండే ప్రపంచం అంకెలు తీసి, కోట్లలో ఉన్న నావాటితో కలిపి ఒకే కొలతలోకి మార్చే పని మాస్టారిది.

మాస్టారు కృష్ణా జిల్లాలో ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి. కూతురు గ్రీన్‌కార్డు చేయిస్తే భార్యతో వచ్చేశారు. మా దగ్గర మూడు నెలల కాంట్రాక్టు మీద అంకెలు ఎక్కించేవారు. ఆఫీసులో కుర్రకారంతా ఆయన్ని పేరు పెట్టి పిలిచేది, నేను మాత్రం మాస్టారూ అనేదాన్ని. వాళ్లావిడకి షుగరు. ఇద్దరికీ ఇన్సూరెన్సు లేదు, ఊరి నుంచి తెచ్చుకున్న మందులు అయిపోవస్తున్నాయి. "పర్మనెంట్ చేస్తే ఆ బెంగ తీరుతుందమ్మా" అని ఒక్కసారే అన్నారు, మళ్లీ ఎత్తలేదు.

ఆయన చేసిచ్చిన పట్టిక చూసి నాకు మతిపోయింది. ప్రపంచం పక్కన ఇండియా వాటా సున్నా, దాని తర్వాత చుక్క, ఆ తర్వాత మళ్లీ సున్నాలే సున్నాలు.

"ఏంటి మాస్టారూ ఇది? భూతద్దం పెట్టి వెతికినా ఇండియా కనపడట్లేదు!"

"నేనూ అదే అనుకున్నానమ్మా. రెండుసార్లు చూశాను. బిలియన్‌కి లక్ష కోట్లు చొప్పునే కదా వేశాను."

"లక్ష కోట్లేంటండీ? బిలియన్ అంటే వంద కోట్లు!"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా చదువుల్లో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లమ్మా. ఇంగ్లండు లెక్క. అమెరికావాళ్లది వేరని చదివాను కూడానూ. చేతికి అలవాటు పోలేదు."

అరగంటలో దిద్దిచ్చేశారు. అంతటితో పోయేది. కానీ నేను ఊరుకుంటేనా! మధ్యాహ్నం లంచ్ టేబుల్ దగ్గర అందరికీ ఇంగ్లీషులో, అభినయంతో సహా ఆ కథ చెప్పాను. పగలబడి నవ్వారు. ఆ చివర కూర్చున్న మేనేజరూ నవ్వాడు. మాస్టారు ఆ పూట తన సీట్లోనే డబ్బా తెరుచుకుని తింటున్నారు. మా నవ్వులు అక్కడికి వినిపించకుండా ఎలా ఉంటాయి?

రెండు రోజులకి నా స్లైడు తయారైంది. అందులో ఇండియా వాటా చూస్తే ఎవరికైనా ఛాతీ ఉప్పొంగుతుంది. మేనేజరు ఎక్సలెంట్ అని మెయిల్ కొట్టాడు. మర్నాడు క్లయింట్ మీటింగు. మీటింగు రోజు పొద్దున కాఫీ మెషీన్ దగ్గర మాస్టారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. మా వెనక ముగ్గురు కప్పులు పట్టుకుని వరసలో ఉన్నారు. ఆయన గొంతు పెంచకుండా, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు, తెలుగులో అన్నారు:

"నీ స్లైడులో ఇండియాకి ఇన్నేళ్లుగా బయట పోగుపడ్డ పెట్టుబడి మొత్తం వేశావమ్మా. ప్రపంచానికేమో ఈ ఒక్క ఏడాది వెళ్లింది వేశావు. చెరువులో నీళ్లు తెచ్చి కాలవలో నీళ్లతో పోల్చినట్టుంది. ఇంకా టైముంది, కంగారుపడకు."

గబగబా సీటుకి పోయి ఏడాదికి ఏడాది వేసి చూస్తే, నా ఘనమైన వాటా కాస్తా వెర్రి మొహం వేసింది. స్లైడు మార్చేసి, ఫైనల్ వెర్షన్ అని పంపేశాను. మీటింగు బాగా జరిగింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆయన తప్పు నేను అందరికీ అర్థమయ్యే భాషలో చెప్పాను. నా తప్పు ఆయన ఎవరికీ అర్థం కాని భాషలో చెప్పారు. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

సోమవారం మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. పెద్దాయన కాంట్రాక్టు ఈ నెలతో ఆపేస్తున్నాం, ఆయన పని నువ్వు చూసుకో అన్నాడు. ఎందుకని అడిగాను. నవ్వాడు. "నువ్వే చెప్పావుగా, బిలియన్ అంటే ఎంతో తెలియదని!"

అతని బల్ల మీద నా హెచ్ వన్ వీసా పొడిగింపు కాగితాలు సంతకం కోసం ఉన్నాయి. అవి చూస్తూనే నోరు తెరిచాను. మొదటి స్లైడు తప్పనీ, అది నా తప్పనీ, మీకు చెప్పకుండా మార్చేశాననీ, పట్టుకున్నది ఆయనేననీ ఉన్నదంతా కక్కేశాను. మేనేజరు పాత స్లైడూ కొత్త స్లైడూ పక్కపక్కన తెరిచి పోల్చి చూశాడు. ఇక వెళ్లమన్నాడు.

గురువారం మాస్టారిని పర్మనెంట్ చేశారు, ఇకనుంచి ప్రతి స్లైడూ ఆయన కళ్లబడ్డాకే బయటికి వెళ్లాలన్నారు. నా కాగితాలు మాత్రం ఇంకా సంతకం కాలేదు. సాయంత్రం పార్కింగ్‌లో ఆయన నా కారుకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. థాంక్స్ చెబుతారనుకున్నాను.

"మేనేజరు అంతా చెప్పాడు. అసలు నీకు బుద్ధుందా?" వేలు చూపించి గద్దించారు. "నీ వీసా ఆ బల్ల మీద పెట్టుకుని ఆ మాటలా చెప్పేది? మా ఆవిడ మందులకి నీ బతుకు పణం పెడతావా? తిక్క పిల్లా! నా కూతురైతే చెంప పగలగొట్టేవాణ్ని."

ఇంకా చాలా తిట్టారు, నడి పార్కింగ్‌లో, అందరూ చూస్తుండగా. అన్నీ తెలుగులోనే. అక్కడే నిలబడి ఆ తిట్లన్నీ తింటూ కడుపారా ఏడ్చాను.