యేసమ్మ వినే రికార్డు

కొత్తూరు ఫ్యాక్టరీ నుంచి శంషాబాద్‌లోని ఇంటికి చేరగానే సీమోను చేతుల గ్రీజు కడుక్కుని, పాత రాక్ పాటల రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. పెళ్లైన కొత్తలో భార్య యేసమ్మతో కలిసి కొన్నదది. లోకసంబంధమైన పాటలని చర్చి సంఘం నిషేధించినా, ఆమె వంటింట్లో వాటికి అడుగులు వేసేది. ఆమె పోయాక అతడు తుడవడమే గాని వినలేదు. ప్లేయరు సూదిని రికార్డు దాకా తెచ్చి, వెనక్కి తీసేవాడు. ఆమె చనిపోయిన ఏడాదికి ఇంట్లో పెట్టిన మొదటి జ్ఞాపకార్థ కూడికనాడు కీర్తనలు ముగిసి, పాస్టరు ప్రార్థనకు లేస్తుండగా, సీమోను సూది దించాడు. ఇల్లంతా గిటార్లు మోగాయి.

"ఏంది సీమోనన్నా, ఆమె పేరు మీద ప్రార్థన పెట్టి సైతాను పాటలా? బంద్ చెయ్!" అని పాస్టరు గద్దించాడు.

సీమోను రికార్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కీర్తనలు ఆమెకు పరలోకంల రోజూ ఇనపడ్తయి, అయ్యగారూ. గీ పాట గాడ ఎవరు పెడ్తరు?"