మా కొక్కెం బావ

మా బావకి ఒక జబ్బుంది. తన లోపం ముందు చెప్పనిదే ఏ పనీ మొదలుపెట్టలేడు. అందరూ లేని గొప్పలు చెప్పుకుంటే, ఈయన లేని లోపాలు కూడా వెతికి తెచ్చి ఎదుటివాళ్ళ చేతిలో పెడతాడు.

అక్కని చేసుకుంటానని అడగడానికి మా ఇంటికి వచ్చిన రోజు, కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే మా అమ్మతో, "నేను గురక పెడతానండీ. పాట పాడితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. కోపం తక్కువే గానీ, వస్తే రెండు పూటలు మాట్లాడను," అన్నాడు.

అమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసింది. తప్పు తనంతట తానే నడిచొచ్చి ఒప్పుకోవడం ఆవిడ సర్వీసులో అదే మొదటిసారి.

"ఇంకేమైనా ఉన్నాయా బాబూ?"

"గుర్తొస్తే వచ్చి చెప్తానండీ."

అమ్మ లోపలికొచ్చి తీర్పు చెప్పింది. "ఒప్పేసుకుందాం. మీ నాన్న మంచివారే. కానీ పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే బయటపెట్టారు. ఇతను అన్నీ ముందే గుమ్మరించేశాడు."

ఒకసారి పాత స్కూటరు అమ్మబోయాడు. కొనడానికొచ్చినాయనకి బ్రేకు కీచుమంటుందని, వానలో మొరాయిస్తుందని చెప్పి, "మా వీధి చివర ఇంట్లో ఇంతకంటే మంచిదుంది, రండి," అని దగ్గరుండి తీసుకెళ్ళి బేరం కూడా కుదిర్చాడు. బావ స్కూటరు ఇప్పటికీ మెట్లకింద విశ్రాంతి తీసుకుంటోంది.

రెండేళ్ళ కిందట అమ్మ వచ్చి అక్కావాళ్ళ దగ్గర ఉండటం మొదలుపెట్టింది. ఆ తర్వాతే బావ లోపాలకి మతిమరుపు కూడా తోడైంది. అదేం చిత్రమో, అమ్మ కళ్ళజోడు కనపడక చిరాకుపడే వేళకే ఈయన తాళాలూ మాయమయ్యేవి.

"అత్తయ్యా, నా తాళాలు చూశారా? నా బుర్ర చిల్లుకుండ అయిపోయింది."

"తల మెడకి అతికి ఉంది కాబట్టి సరిపోయింది నాయనా. లేకపోతే దాన్నీ ఎక్కడో పెట్టి మర్చిపోదువు!" అంటూ అమ్మ రంగంలోకి దిగేది. తాళాలు దొరికేవి. పక్కనే కళ్ళజోడూ దొరికేది. నేను లేకపోతే ఈ కొంప ఏమయ్యేదో అని ఆ పూటంతా అమ్మ హుషారుగా ఉండేది.

ఆ మతిమరుపు పుణ్యమా అని బావ ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని ఒక యాప్ తయారుచేశాడు. వస్తువు పెట్టేటప్పుడు "కళ్ళజోడు ఫ్రిజ్ మీద" అని ఫోనుతో చెప్తే చాలు, తర్వాత ఎప్పుడడిగినా అది గుర్తుచేస్తుంది. బొమ్మలూ రంగులూ నావి, మిగతాదంతా ఆయనది. అక్క గడువు పెట్టింది. నెలాఖరులోగా చెప్పుకోదగ్గ జనం చేరకపోతే బావ పాత ఆఫీసుకి తిరిగి వెళ్ళాలి. ఆ ఆఫీసు వేరే ఊరికి మారిపోయింది. వెళ్తే ఇంటికి చుట్టపుచూపుగా రావడమే. అమ్మ ఏమీ పట్టనట్టే ఉంటూ, రోజూ పొద్దున్నే "ఎంతమంది చేరారేమిటి?" అని అడిగేది.

ప్రకటనలిచ్చే స్తోమత మాకు లేదు. ఇళ్ళు సర్దుకోవడం గురించి జనం కబుర్లు చెప్పుకునే ఫోరాలు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి కదా, అక్కడ పోస్టు పెడదామనుకున్నాం. మొదటిది నేను రాశాను. 'మీ జీవితాన్నే మార్చేసే అద్భుతం!' అన్నాను. నా టీ చల్లారేలోపు ఫోరం నడిపే పెద్దమనిషి ఆ పోస్టు పీకేసి, నన్ను బయటికి గెంటాడు.

"ఇంకో ఫోరంలో నేను రాస్తాలే," అన్నాడు బావ. ఆయన రాసింది ఇది.

'నమస్కారం. నాకు మతిమరుపు. నాలాంటివాళ్ళ కోసం ఒక యాప్ చేశాను. ముందుగా దీని లోపాలు. వస్తువు పెట్టినప్పుడు చెప్పడం మర్చిపోతే ఇది ఏమీ చెయ్యలేదు. పక్కన మిక్సీ తిరుగుతుంటే దీనికి వినపడదు. ఫోనే పోతే, అడగడానికి ఫోను ఉండదు.'

"బావా, మంచి ముక్క ఒక్కటైనా రాయవా?"

"రాశాగా. నమస్కారం అని."

కాసేపటికి ఒకాయన అడిగాడు. 'మీరు అమ్ముకోవడానికి వచ్చారా, మాన్పించడానికి వచ్చారా?'

'ముందు మాన్పించి చూస్తానండీ. మానలేకపోతే వాడండి,' అని బావ.

తర్వాత కవల పిల్లల తల్లి ఒకావిడ వచ్చింది. 'తాళాలు ఎక్కడ పెట్టినా మా పిల్లలు ఎత్తుకుపోతారు. మీ యాప్ పనికొస్తుందా?'

'రాదమ్మా. మీక్కావలసింది కొక్కెం,' అని మొదలుపెట్టాడు బావ. దాన్ని తలుపు పక్కన ఎంత ఎత్తులో బిగించాలో, ఇటుక గోడకైతే ఎలా, చెక్క గోడకైతే ఎలా, సుత్తి దెబ్బ నుంచి బొటనవేలిని ఎలా కాపాడుకోవాలో మధ్యాహ్నమంతా కూర్చుని రాశాడు. అందులో యాప్ ఊసే లేదు. నేను తల పట్టుకున్నాను.

ఆ జవాబుకి జనం ఎగబడ్డారు. యాప్ దించుకున్నవాళ్ళు పదిమందైతే, కొక్కేలు బిగించుకున్నవాళ్ళు వందలమంది. ఫోరంలో ఆయన పేరు 'కొక్కెం అన్నయ్య' అయిపోయింది. రేకు గోడలవాళ్ళు, అద్దె ఇళ్ళవాళ్ళు వరసకట్టారు. బావ ఒక్కొక్కళ్ళనీ పలకరించేవాడు. 'మీ గోడకి చెమ్మ అన్నారు, ఆరిందా?'

"నెలాఖరుకి మేకుల కొట్టు పెట్టుకోవచ్చు మీరు," అంది అక్క.

అయితే, లోపం చెప్పుకునే మనిషి కనపడేసరికి జనానికీ నోళ్ళు పెగిలాయి. ఒకాయన చెప్పులు ఫ్రిజ్‌లో దొరికాయట. ఒక బ్యాంకు మేనేజరమ్మ హ్యాండ్‌బ్యాగులో టీవీ రిమోట్‌తో సాయంత్రం దాకా ఉద్యోగం చేసిందట. బావ ఇవన్నీ భోజనాలయ్యాక అమ్మకి చదివి వినిపించేవాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది.

"వీళ్ళందరికంటే నేనే నయం!" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది. "అంటే, మా అల్లుడే నయం అంటున్నా."

ఇంతలో కొక్కేలవాళ్ళకే కొత్త అనుమానం వచ్చింది. 'అన్నయ్యా, తాళాలు సరే. కొక్కేనికి వేలాడనివి ఏం చెయ్యాలి?'

'వాటికైతే యాప్ ఉంది. కానీ ముందుగా దాని లోపాలు...'

'చదివాం మహాప్రభో, ఇక ఇవ్వండి!'

నెలాఖరుకి జనం చేరారు, అక్క ముఖం విప్పారేంత జనం. "పాత ఆఫీసుకి ఫోన్ చేసి రానని చెప్పెయ్యండి. లోపాలు ఏకరువు పెట్టకుండా, రానని మాత్రమే చెప్పండి," అంది.

బావ ఫోన్ చేశాడు. "నమస్కారమండీ. నేనసలే నిలకడ లేని మనిషిని..."

ఆ సాయంత్రమే ఫోరంలో ఒక రిటైరైన పోస్ట్‌మాస్టరుగారు రాశారు. 'అన్నయ్యా, ఎవరి గోడ ఎలాంటిదో, కవలల్లో ఎవరు అల్లరో మీకు కంఠతా వచ్చు. ఇంత జ్ఞాపకం ఉన్నవాళ్ళకి మతిమరుపేమిటి?'

అందరికీ జవాబులిచ్చే బావ అది చదవగానే మంచినీళ్ళ కోసమని లేచి వెళ్ళిపోయాడు.

నా బుర్రలో అనుమానం పురుగులా తొలిచింది. వంటింట్లోకి వెళ్ళి అడిగాను. "అమ్మా, బావకి నిజంగా మతిమరుపేనా?"

అమ్మ తలుపు దగ్గరగా వేసింది. "మెల్లగా మాట్లాడు. మొన్న నా కళ్ళజోడు పిండి డబ్బాలో ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు. అతను చూశాడు. తీసి నా చేతికివ్వచ్చు కదా? ఇవ్వలేదు. జేబులోంచి తన తాళాలు తీసి దాని పక్కన పెట్టి, మూత పెట్టి, 'అత్తయ్యా, నా తాళాలు' అని కేకేశాడు. నేను గుమ్మం చాటునే ఉన్నా."

"మరి నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? తిట్టి, వెతికి పెట్టా. అనుమానం రాకుండా ముందు రెండు డబ్బాలు ఉత్తినే తెరిచా."

నాకు ఆ క్షణాన బావ మీద పొంగుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. వెళ్ళి కావలించుకుందామని కదిలాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు తెలుసని చెప్పావంటే ఊరుకోను. పాపం, చిన్నబుచ్చుకుంటాడు. అదలా ఉంచు, ఆ యాప్ నా ఫోన్లో వెయ్యి."

"నీకు మతిమరుపు లేదుగా?"

"నాకు కాదురా, అతని కోసం. ఎక్కడ దాచాడో చూసి కూడా నేను మర్చిపోయాననుకో, అతని తాళాలు నిజంగానే పోతాయి."

వేసిచ్చాను. అంతలో హాల్లోంచి కేక వినపడింది.

"అత్తయ్యా, నా తాళాలు చూశారా?"

అమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "అల్లుడి తాళాలు, నా పర్సు. చక్కెర డబ్బా వెనక," అని గుసగుసగా చెప్పింది. ఆ తర్వాత గొంతు పెంచి, "తల మెడకి అతికి ఉంది కాబట్టి సరిపోయింది నాయనా!" అంటూ బట్టల బీరువా వైపు నడిచింది.