తుఫాను మధ్యలో ఆమేన్

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక సర్వనాశనం కథ. ఇందులో ఒక సముద్రం సగానికి సగం చీలిపోతుంది. షామియానా నిండా కూర్చున్న జనం నాటకం మధ్యలో లేచి ఇళ్ళకి బయల్దేరతారు. ఒక పెద్దాయన చెయ్యెత్తి తుఫానుని దీవిస్తారు. ఇంతటి ఘనకార్యం చేసింది తొమ్మిదో తరగతి చదివే ఒక బక్కపిల్ల, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. ఆ పిల్లని నేనే.

ఇప్పుడు నేను నాలుగేళ్ళ పాపకి తల్లిని. పాప రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ము వచ్చేలోపు డాక్టరుకి ఫోన్ చేసే రకం. రాత్రి అది నిద్రపోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి, దోమతెర అంచులు పరుపు కిందకి మళ్ళీ దోపి, అప్పుడు గానీ ఇలా రాసుకోవడానికి కూర్చోను. ఇంత భయస్తురాలికి అప్పట్లో భయమే తెలియదంటే మా ఆయన నమ్మరు. తెలియకపోవడానికి కారణం ధైర్యం కాదు. నేను అసలు ఈ లోకంలో ఉండేదాన్నే కాదు.

కళ్ళు తెరుచుకునే ఉండి కలలు కనేదాన్ని. లెక్కల టీచరు బోర్డు మీద వృత్తం గీస్తే, అది చందమామై కిటికీలోంచి మెల్లగా బయటికి తేలిపోయేది. దాని వెనకాలే నేనూ. "కృపా, ఎక్కడున్నావమ్మా?" అని అడిగితే "ప్రెజెంట్ టీచర్" అనేదాన్ని. అంతకన్నా పెద్ద అబద్ధం ఆ స్కూల్లో ఎవరూ ఆడి ఉండరు.

బందరులో మాది ఆడపిల్లల హైస్కూలు. వార్షికోత్సవానికి ఏటా పాటలతో ఒక నాటకం వేసేవాళ్ళం. మా సంగీతం టీచరు శారదగారే రాసి, వరుసలు కట్టి, మాచేత ఆడించేవారు. ఆ ఏడాది నాటకం పేరు 'సముద్రుడి అలక'. సముద్రుడు అలిగి తుఫాను లేపుతాడు. పడవలు తిరిగిరావు. ఒక పిల్ల ఒడ్డున నిలబడి, మా అన్న పడవ మాకిచ్చెయ్యమని పాట పాడుతుంది. సముద్రుడు కరిగిపోతాడు. అంతే కథ.

ఆ ఒడ్డున నిలబడే పిల్ల గంగారత్నం, నా పక్క బెంచీ స్నేహితురాలు. గిలకలదిండి నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న ఏడుకొండలుగారు పడవ మీద సముద్రంలోకి వేటకి వెళ్తారు, అమ్మ చేపలు అమ్ముతుంది. దాని గొంతు ఎలా ఉండేదని అడుగుతారా? పాలు కాగేటప్పుడు గిన్నె అంచున వచ్చే సన్నని సద్దులా మొదలై, చూస్తూ చూస్తూ ఉండగానే పొంగు వచ్చేసేది. వినేవాళ్ళు చేతిలో పని మరిచిపోయేవారు.

రిహార్సల్స్ మొదలైన కొత్తలో ఏడుకొండలుగారు స్కూలుకి వచ్చారు. చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడ్డారు.

"మేడంగారండీ, మా పెద్దదాన్ని కూడా ఓసారి ఇలాగే స్టేజీ ఎక్కించారండి. మధ్యలో మర్చిపోయిందని జనం ఒకటే నవ్వులండి. ఆ రోజు మూసిన నోరు మళ్ళీ పాటకి తెరవలేదండి అది. దీన్ని కూడా అలా చేసుకోలేనండి."

"మీరే వచ్చి చూడండి ఏడుకొండలుగారూ," అన్నారు శారద టీచరు.

"వస్తానండి. ఆ రోజు వేట మానుకుని మరీ వస్తాను. నా బిడ్డని చూసి ఒక్కడు నవ్వాడా, ఇక పాటా లేదు గీటా లేదు. ముందే చెప్తున్నానండి."

ఆయన వెళ్ళాక గంగారత్నం నా చెయ్యి పట్టుకుంది.

"ఒసే కృపా, నువ్వెక్కడ ఆపితే నేనక్కడ ఎత్తుకోవాలే. నాకు నీ వాయిద్యమే దిక్కు."

"నాకొదిలెయ్యవే," అన్నాను గంభీరంగా. ఆ సమయంలో నేను కిటికీలోంచి ఒక మబ్బుని చూస్తున్నాను. అది అచ్చం పందిట్లో పడుకున్న ఒంటెలా ఉంది.

వాయిద్యం నాకెందుకు అప్పగించారంటే, ఆదివారాలు మా చర్చిలో కీబోర్డు వాయించేది నేనే. "కీర్తనలన్నీ వాయించేస్తావట, ఒక్క తుఫాను వాయించలేవా?" అన్నారు శారద టీచరు. ఆవిడ త్యాగరాజస్వామి ఉత్సవాలకి వెళ్ళే మనిషి. చర్చి గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, అవసరం పడుతుంది.

తుఫాను పెద్ద కష్టమేం కాదు. ఎడమచేత్తో కింది మెట్లన్నీ కలిపి నొక్కెయ్యడం, కుడిచేత్తో పిల్లి పరిగెత్తినట్టు అటూ ఇటూ ఉరకడం. చిక్కంతా తుఫాను తగ్గాకే.

"తగ్గిందని తెలిసేలా ఏం వాయించను టీచర్?"

"మెల్లగా, నీకు తోచింది వాయించమ్మా. వినేవాళ్ళ మనసు నెమ్మదించాలి. నువ్వు ఆపగానే గంగారత్నం వచ్చి పాట అందుకుంటుంది."

'నీకు తోచింది' అని నాలాంటిదానికి చెప్పడమంటే పిల్లికి పాలగిన్నె అప్పగించి మూత కూడా తీసిపెట్టడమే.

చర్చికి వెళ్ళే అలవాటు లేనివారికి ఇక్కడో సంగతి చెప్పాలి. మా ఆరాధన చివర్లో, అయ్యగారు అని మేం పిలుచుకునే పాస్టరుగారు చెయ్యెత్తి ఆశీర్వాదం ఇస్తారు. దానికి ముందు కీబోర్డు మీద ఒక మెల్లని వరుస వాయించాలి. అది వినబడితే చాలు, లేవండని ఎవరూ చెప్పక్కర్లేదు. జోలపాటకి పిల్లల కళ్ళు మూతలు పడ్డట్టు, ఆ వరుసకి జనమంతా లేచి నిలబడి, తల వంచి, కళ్ళు మూసుకుంటారు. ఆశీర్వాదం అయ్యాక అందరూ కలిసి మూడుసార్లు ఆమేన్ పాడతారు. ఇక చెప్పులు వెతుక్కోవడమే.

వార్షికోత్సవం రోజు సాయంత్రం స్కూలు ఆవరణంతా షామియానా వేశారు. ముందు పట్టాల మీద గిలకలదిండి వాళ్ళు కూర్చున్నారు, మధ్యలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడుకొండలుగారు. వాళ్ళ వెనక కుర్చీలన్నీ మా చర్చివాళ్ళవే, మా పిల్లలంతా అక్కడే చదివేవారు కదా. సోఫాలో ముఖ్య అతిథిగా మా పాత అయ్యగారు. ఆయన రిటైరై చాలాకాలమైంది. దండ వేయించుకుని, రెండో పాటకే హాయిగా కునుకు తీశారు.

నాటకం మొదలైంది. నీలంరంగు చీరలు కలిపి కుట్టి సముద్రం చేశారు. ఆ చివర మా చర్చి పిల్లలు, ఈ చివర గంగారత్నం వీధి పిల్లలు పట్టుకుని ఊపుతున్నారు. వెనక నుంచి నీలం కాగితం చుట్టిన లైటు. మధ్యలో దూది గడ్డంతో సముద్రుడు, అంటే మా క్వాయర్‌లో పాడే మెర్సీ. నేను తుఫాను వాయించాను. ఎంత బాగా వాయించానంటే, ముందు వరసలో ఒక చంటిది ఏడుపు లంకించుకుంది.

తుఫాను తగ్గింది. నేను మెల్లగా ఏదో అందుకున్నాను.

అప్పుడు ఆ నీలం నన్ను తీసుకుపోయింది. ఏం చెప్పను! చీరలు మెత్తగా లేచి పడుతున్నాయి. సముద్రం వైపు నుంచి నిజం గాలే వస్తోంది, ఉప్పు ఉప్పుగా. లైటు చుట్టూ తిరిగే పురుగులు దూరాన పడవల దీపాల్లా ఉన్నాయి. నేనా నీటి అడుగున నడుస్తున్నాను. నా జడ నా వెనక నాచులా తేలుతోంది. ఒక వెండి చేప వచ్చి, నా ముఖం లోకి చూసి, "ప్రెజెంటేనా?" అని అడిగి వెళ్ళిపోయింది. ఎంత ప్రశాంతం!

బండివాడు నిద్రపోయినా ఎద్దులు ఇల్లు చేరుస్తాయి. నా వేళ్ళూ అంతే. వాటికి తెలిసిన ప్రశాంతం ఒక్కటే. అవి తిన్నగా చర్చికి వెళ్ళిపోయాయి.

కుర్చీల చప్పుడుకి నేను నీళ్ళలోంచి పైకి తేలాను. చూద్దును కదా, వెనక సగం షామియానా లేచి నిలబడి ఉంది. తలలు వంగి ఉన్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నాయి. మా అమ్మ కూడా కొంగు తలమీద కప్పుకుని నిలబడింది. స్టేజీ మీద సముద్రుడు త్రిశూలం చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. ఆ చివర చీర పట్టుకున్న మా పిల్లలు ఊపడం మానేసి తలలు వంచారు. ఈ చివర పిల్లలకి ఇదేం తెలియదు కనక ఇంకా గట్టిగా ఊపుతున్నారు. సముద్రం సగం తుఫానులో ఉంది, సగం ప్రార్థనలో ఉంది.

తెర పక్క నుంచి శారద టీచరు గొంతు బుసలా వచ్చింది. "ఎందుకే అందరూ లేస్తున్నారు? జనగణమన కాదు కదా!"

"టీచర్... ఇది మా చర్చిలో..."

"ఏదైతే నాకేంటి, ఆపు ముందు!"

"ఆపకూడదు టీచర్! ఆశీర్వాదం మధ్యలో ఆపితే పాపం!"

"ఆశీర్వాదమేంటే? ఎవరిస్తున్నారు?"

ఎవరిస్తారు! సోఫాలో కునుకు తీస్తున్న అయ్యగారి చెవిలో ఆ వరుస పడింది. నలభై ఏళ్ళ అలవాటు. ఆయన కళ్ళు తెరవకుండానే లేచారు, జనం వైపు తిరిగారు, కుడిచెయ్యి పైకెత్తారు, కంచుగంట లాంటి గొంతుతో ఆశీర్వచనం మొదలుపెట్టేశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెత. నేను చేతులు కాలుతుండగా, ఆకులు పక్కనే ఉండగా, ఇంకా శ్రద్ధగా వాయించాను. ఆడలేనమ్మ మద్దెల ఓడని తప్పించుకుంటుందట. నాకా వీలూ లేదు, ఓడు నేనే, మద్దెల బంగారంలా పనిచేస్తోంది. మరి చివర ఆమేన్ కూడా వాయించాలి కదా! వాయించాను. జనం మూడుసార్లు పాడారు, సముద్రుడు కూడా రెండో స్వరంలో అందుకున్నాడు. తర్వాత అందరూ కళ్ళు తెరిచి, పిల్లల్ని చంకనెత్తుకుని, చెప్పుల కోసం కిందకి చూశారు.

"భోజనాలు ఎటువైపండీ?" అని ఎవరో అడుగుతున్నారు.

నేను వేళ్ళు తీసేశాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను ఆపితే ఎత్తుకునే మనిషి ఒకతి ఉంది.

గంగారత్నానికి ఆశీర్వాదాల సంగతి తెలియదు. నా వాయిద్యం ఆగింది, అది తెర పక్క నుంచి వచ్చింది. వచ్చి చూస్తే ఎదురుగా కుర్చీల్లోవాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు, కొందరు సగం తిరిగి ఉన్నారు. దాని కళ్ళు వాళ్ళ నాన్న కోసం వెతికాయి. తర్వాత నా వైపు చూశాయి. ఆ చూపు ఎలా ఉందంటే, నా అలవాటుకి విరుద్ధంగా నేను పూర్తిగా ఈ లోకంలోకి వచ్చేశాను. ఇప్పుడు ఒక్కరు కిసుక్కుమన్నా చాలు, షామియానా అంతా అంటుకుంటుంది, ఏడుకొండలుగారు లేచి బిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. కారణం నేను. కీబోర్డు కింద దూరదామంటే స్టాండుకి కాళ్ళు మరీ సన్నగా ఉన్నాయి.

గంగారత్నం కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది.

ఒక్కరూ నవ్వలేదు. ఎందుకని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆమేన్ అన్న నోటితో ఎవరూ వెంటనే నవ్వలేరు. మనసు మెత్తబడి ఉంటుంది, ముఖం ఇంకా చర్చి ముఖంలాగే ఉంటుంది. ఆ మెత్తదనం మీద దాని గొంతు పడింది. కుర్చీ మడతపెట్టబోతున్న ఆయన చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. ఒక చెప్పు దొరికి రెండోది దొరకని మామ్మగారు ఒంటికాలి చెప్పుతోనే నిలబడిపోయారు. కూర్చోవాలని కూడా ఎవరికీ తోచలేదు. గాలి ఆగిన వరిచేనులా అంతమంది కదలకుండా నిలబడ్డారు. చీరల సముద్రం తనంతట తనే మెల్లగా ఊగడం మొదలుపెట్టింది, ఈసారి రెండు చివరలా ఒకేలా. సముద్రుడి దూది గడ్డం తడిసి గదవ మీంచి జారిపోయింది.

పాట అయిపోయాక చప్పట్లు ఎంతసేపు కొట్టారో నాకు తెలియదు. నేను కీబోర్డు వెనక తలవంచుకుని శిక్ష కోసం ఎదురుచూస్తున్నాను. ఒకవైపు నుంచి శారద టీచరు, ఇంకోవైపు నుంచి కొంగు బిగించి మా అమ్మ వస్తున్నారు. వాళ్ళిద్దరి కన్నా ముందు ఏడుకొండలుగారు వచ్చేశారు.

"మేడంగారండీ," అన్నారు. "సముద్రం మీద ఎన్నో చూశానండి. ఇంత మర్యాద ఎక్కడా చూళ్ళేదండి. మా బిడ్డ వస్తుందనగానే అంతమంది పెద్దోళ్ళు లేచి నిలబడి, తలొంచుకుని, కళ్ళు మూసుకుని... ఆ సోఫా మీద పెద్దాయన చెయ్యెత్తి దీవించారండి! పాట అయ్యేదాకా ఒక్కరు కూర్చోలేదండి!"

శారద టీచరు నోరు తెరిచారు. మా అమ్మ కూడా తెరిచింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్ళీ మూశారు.

"అయితే గంగారత్నం పాడచ్చంటారా?" అన్నారు టీచరు మెల్లగా.

"పాడాలండి! ఏటా పాడాలి!" అని ఆయన నా వైపు తిరిగారు. "కానీ ఒకటేనండి. జనాన్ని లేపే ఆ వాయిద్యం మాత్రం ఈ పాపే వాయించాలి."

ఆ మర్యాద వెనక ఉన్నది నా పరధ్యానమేనని నాకు తెలుసు కదా! అందుచేత ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, నా పది వేళ్ళ మీద ఒట్టు పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా ఊపిరి ఉన్నంతవరకు, ఏ నాటకంలోనూ, ఎంత పెద్ద తుఫాను తగ్గినా, పాటకి ముందు జనాన్ని లేపను. పాట అయ్యాక వాళ్ళంతట వాళ్ళు లేస్తే, ఆ పాపం పాడినవాళ్ళదే.