పత్తి గదిలో నడక

మొన్న మా కోడలు ప్లంబరును పిలిపించి బాత్రూము గోడకి ఒక స్టీలు కడ్డీ బిగించింది. "పట్టుకుని నిలబడండి అత్తయ్యా. ఇక నుంచి లోపల గడియ మాత్రం వేసుకోకండి" అంది. నా మోకాళ్ల సంగతి ఆ పిల్లకి నాకంటే బాగా తెలుసు. కడ్డీకి అభ్యంతరం లేదు గానీ, గడియ మాట వినగానే ప్రాణం చివుక్కుమంది. ఆ గడియ కోసం ఒకప్పుడు నేను పడ్డ పాట్లు ఆ పిల్లకేం తెలుసు?

ఎనభైల్లో మాట. పర్చూరు వైపు ఒక పల్లెలో అప్పటికి నేను కొత్త కోడలిని. గుంటూరులో పంతులుగారి అమ్మాయిగా పెరిగినదాన్ని, పత్తి అంటే దీపం వత్తి అనుకునేదాన్ని. మెట్టినింట్లో మాత్రం పత్తి మనుషులతో పాటు కాపురం ఉండేది. మంచి ధర వచ్చేదాకా అమ్మరు కనుక పడమటి గదినిండా పోసి ఉంచేవారు. బేరం కుదిరినంత మేరకు మనిషెత్తు గోనె బోరేల్లోకి ఎత్తేవారు. బోరెంలో ఒకరు దిగి తొక్కుతుంటే పైనుంచి పత్తి పోస్తారు. నిండేకొద్దీ తొక్కే మనిషి పైకి తేలతాడు. ఉయ్యాల ఊగినంత సరదాగా కనిపించి, అత్తగారు వద్దంటున్నా చీర దోపుకుని దిగాను. తొక్కడం బాగానే వచ్చింది. దిగడమే రాలేదు. బోరెం మీంచి వసారాలో నాపరాళ్ల మీదికి దూకితే ఎడమకాలు మోకాలి కింద విరిగింది.

ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేశారు. అది ఉన్నన్నాళ్లూ నన్ను మంచం మీంచి లేపడం, దొడ్లోకి నడిపించడం, నీళ్లు పోయడం అంతా మా అత్తగారే. ఒక్కనాడూ విసుక్కోలేదు. కానీ ఆవిడకి ఏదీ గొంతు తగ్గించి చెప్పడం రాదు. "అమ్మాయి దొడ్లోకి వెళ్లాలంట, అందరూ కాస్త అటు తిరగండి" అని కేకేస్తే, వీధి అవతల కల్లంలో మిరపకాయలు ఏరుకునేవాళ్లు కూడా అటు తిరిగేవారు. సిగ్గుతో మంచినీళ్లు తాగడం తగ్గించేశాను. నాకప్పుడు ఒకటే కోరిక. స్నానాల గదిలోకి ఒక్కదాన్నే వెళ్లి రేకు తలుపుకి గడియ పెట్టుకోవాలి.

కట్టు విప్పాక చూస్తే కాలు మునక్కాయలా సన్నబడింది. డాక్టరుగారు నడవమన్నారు. నాకేమో నాపరాళ్లు చూస్తేనే చెమటలు పట్టేవి, గోడ వదలాలంటే ఏడుపొచ్చేది. ఇక ఈ జన్మకింతే అనుకున్నాను. రెండు మూడు రోజులు చూసి అత్తగారు నన్ను పత్తి గదికి తీసుకెళ్లారు. మిగిలిన పత్తిని గదంతా మోకాలెత్తున సర్ది, "ఇందులో నడువు. పడితే పత్తిలోనే పడతావు" అన్నారు.

మామగారు గుమ్మంలోంచి చూసి లబలబలాడారు. "పత్తి నలిగిపోద్దే. కొనేవాడు ఏమంటాడు?"

"నలిగితే ఎండలో ఆరేసుకుందాం. పిల్ల మళ్లీ కాలిరగ్గొట్టుకుంటే ఏం ఆరేస్తారు?" అన్నారావిడ.

పడ్డాను, ఎన్నిసార్లో. పడ్డప్పుడల్లా జుట్టునిండా పత్తి, తుమ్ములు, ఆ వెనకే ఇద్దరికీ నవ్వు. మెత్తగా ఉంటుందని ఆవిడ పరిచారు గానీ, పత్తిలో నడవడం బురదలో నడిచినట్టే, ప్రతి అడుగూ పీక్కోవాలి. ఆ పీక్కోవడంలోనే కాలికి బలం వచ్చిందని మా ఇద్దరికీ తర్వాతెప్పుడో తట్టింది. భయం మాత్రం అక్కడే పోయింది.

ఒక పొద్దున గోడ పట్టుకోకుండా దొడ్లోకి నడిచి, రేకు తలుపు మూసి, గడియ పెట్టాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బయట అత్తగారి అడుగుల చప్పుడు ఆగింది.

"గడియేశావా అమ్మాయ్?"

"వేశానత్తయ్యా."

తిడతారనుకున్నాను. "సరే. చెంబు గంగాళానికి తగిలిస్తా ఉండు. నాకు వినపడాలి" అన్నారు, మొదటిసారి గొంతు తగ్గించి. నీళ్లు పోసుకున్నంతసేపూ చెంబు కొడుతూనే ఉన్నాను. బయటికొచ్చి చూస్తే ఆవిడ తలుపు పక్కన రాతి మీద, గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. నా కాలు విరిగాక ఆవిడ పగలు కునుకు తీయగా చూడటం అదే మొదలు.

నిన్న స్నానానికి వెళ్లి, బయట కోడలు తచ్చాడుతుండగానే గడియ వేసేశాను. వెంటనే మగ్గుతో బకెట్టు మీద కొట్టాను.

"అదేం చప్పుడత్తయ్యా?"

"నేను నిలబడే ఉన్నానని. అది వినపడుతున్నంతసేపూ నీ పని నువ్వు చూసుకో తల్లీ."

ఆ పిల్ల నవ్వింది గానీ వెంటనే కదల్లేదు. ప్లాస్టిక్ బకెట్టు గంగాళంలా మోగదు. ఇన్నేళ్ల కాలం ఎన్నిటినో పట్టుకుపోయింది గానీ, తలుపు అవతల చెవి ఒగ్గి నిలబడే మనిషిని మాత్రం నాకు మళ్లీ తెచ్చి ఇచ్చింది.